నా వంతు వంట నువ్వు చేశావు

నర్సన్నా,

ఈ ఉదయం కంప్యూటర్ కోర్సు ఫలితం వచ్చింది. పాసయ్యాను. నువ్వు పోయి నేటికి ఏడాది.

దుబాయ్‌లో, అల్ ఖూజ్ క్యాంపు గదిలో వంతులవారీగా వండుకునేవాళ్లం. సాయంత్రం క్లాసుకు వెళ్తే నా వంతు తప్పుతుందని నేను చేరనన్నాను. "వాని వంతు నేను వండుత. వాడు సదువుకోవాలె, ఖలాస్!" అని నువ్వు గదిలో అందరికీ చెప్పావు.

కంప్యూటర్లకు ఏసీ తప్పనిసరని విని, నా ఫ్లాపీని ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టావు. "సల్లగుంటె పాఠం ఖరాబ్ గాదు, తమ్మీ" అన్నావు. మేం నవ్వితే నువ్వూ నవ్వావు.

నువ్వు పోయాక నా వంతు మిగతావాళ్లు పంచుకున్నారు. నేను అడగలేదు.

శనివారం మన ముదీర్, మేనేజరు, నన్ను గోదాము నుంచి ఆఫీసులోకి మారుస్తున్నాడు. మొదటి పని, క్యాంపులో ఉంటున్నవాళ్ల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించడం. మన గదితో మొదలుపెడతాను.