మొగ దాటడానికి

9 జూలై 1978, భీమునిపట్నం

దీపం పెట్టాను. మనసు నిలవలేదు.

చెల్లెలు నూకాలుకు ఆరో నెల. పురిటికి ఇక్కడికి తెచ్చుకుంటానని అడగడానికి ఏరు దాటి వెళ్ళాను. వాళ్ళత్త మంచంమీంచి లేవకుండానే చెప్పింది... తొలికాన్పే పుట్టింట్లోనట, రెండోది తమ ఇంట్లోనట. పోయిన ఏడు ఎనిమిదో నెలలోనే వచ్చి పోయిన బిడ్డను లెక్కలో వేసుకున్నారు. బారసాల లేదు, పేరు లేదు. లెక్కకు మాత్రం ఉంది.

తిరిగి వచ్చాను.

10 జూలై

కోపం తగ్గలేదు. అత్త మీద కాదు. తమ్ముడి మీద.

జనాన్ని ఏరు దాటించే రేవు దోని మా తమ్ముడు సింహాచలానిది. పోయిన ఏడు నూకాలుకు నొప్పులని కబురు వస్తే పురుళ్ళ సంచి పట్టుకుని రేవులో నిలబడ్డాను. రోడ్డున చుట్టూ తిరిగి వెళ్ళే బస్సు పొద్దున్న ఒకటే. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దాటితే చాలు. వాడు దోని తియ్యలేదు. "నీల్లు తిరిగేదాకా ఆగుదాం అప్పా" అన్నాడు. ఆగాను. ఆటుపోటు మారి నీళ్ళు తిరిగాయి. బిడ్డ...

ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ పురుళ్ళు పోస్తున్నదాన్ని.

16 జూలై

పోలయ్య మావను అడిగాను, తెడ్డు వెయ్యడం నేర్పమని. చేపల వేట మానేసి చాలాకాలం. పాత దోని గట్టున బోర్లా పడి ఉంది. "నీకేటి, పిచ్చెత్తిందా నర్సమ్మా" అన్నాడు. చుట్ట చివరిదాకా కాల్చాడు. తర్వాత లేచి, దోని తిరగెయ్యడానికి ఇద్దర్ని కేకేశాడు.

17 జూలై

దోని ముందుకు పోదు. గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతుంది. వలలు బాగుచేసుకునేవాళ్ళు పని మానేసి చూశారు.

20 జూలై

అరచేతుల నిండా బొబ్బలు. హారతి పళ్ళెం పట్టుకోలేకపోయాను.

23 జూలై

సింహాచలం వచ్చాడు. గుమ్మం దాటలేదు. ఆడవాళ్ళు తెడ్డు ముట్టుకుంటే గంగమ్మతల్లికి కోపమట. రేవులో తల ఎత్తుకోలేకపోతున్నాడట.

గంగమ్మ మగవాడని నాకెవరూ చెప్పలేదు.

మజ్జిగ ఇచ్చి పంపాను. మానేస్తానని మాట ఇవ్వలేదు.

30 జూలై

ఇవాళ మావతో మొగలోకి. ఇసుక తిన్నె మీద కెరటాలు విరిగే చోటు. మొదటి కెరటం లేచింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేసే పనే చేశాను. కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాను.

తెడ్డు పోయింది. దోని అడ్డం తిరిగింది. ఇద్దరం నీళ్ళలో.

నడుంలోతు నీళ్ళలో నిలబడి దగ్గుతూ అన్నాడు మావ... "దండం ఒడ్డునెట్టుకో తల్లీ. ఇక్కడ సేతులు కాళీగుండకూడదు."

ఒడ్డున అందరూ నవ్వారు. అందులో తమ్ముడి నవ్వు గుర్తుపట్టాను.

6 ఆగస్టు

కుడివైపే బలం పడుతోంది. దోని ముక్కు పక్కకు పోతోంది. ఎందుకో మావకు తెలిసిపోయింది. "తమ్ముడ్ని కొట్టాలంటే ఇంటికెల్లి కొట్టు. నీల్లనెందుకు కొడతన్నావు?"

నవ్వు రాలేదు. వంట చేసుకుంటుంటే వచ్చింది. అయినా కోపం అలాగే ఉంది.

13 ఆగస్టు

"నొప్పికీ నొప్పికీ మద్దిన తెరిపుంటాది గదా. కెరటాలూ అంతే. పెద్దయి మూడొత్తాయి. ఆపైన తెరిపి. అప్పుడెయ్యాల తెడ్డు" అన్నాడు మావ.

ఇది నాకు తెలిసిన పనే.

27 ఆగస్టు

దాటాను. మావ ముందు కూర్చున్నాడు, చేతులు కట్టుకుని.

10 సెప్టెంబరు

ఒక్కదాన్నే. వెళ్ళాను, వచ్చాను. ఎవరూ నవ్వలేదు. భుజాలు నొప్పి, బాగుంది ఆ నొప్పి.

నూకాలు పొట్ట చూశాను. తల కిందికే ఉంది. నొప్పులు మొదలైతే వాళ్ళ గట్టున ఎర్రచీర కట్టమన్నాను. రేవుకు కబురు చెయ్యొద్దన్నాను.

24 సెప్టెంబరు

వాన. ఏరు ఎర్రబడింది. మావకు జ్వరం. గంజి ఇచ్చి వచ్చాను. దోని ఇంటి దగ్గరే కట్టుకున్నాను.

2 అక్టోబరు

ఎర్రచీర.

3 అక్టోబరు, అవతలి గట్టు

పుస్తకం తడిసింది. ఆరిన పేజీ వెతుక్కుని రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఏరు నిండుగా వస్తోంది, సముద్రం ఎదురు తంతోంది. సంచి దోనిలో పెట్టాను. సింహాచలం పరుగున వచ్చి అంచు పట్టుకున్నాడు. "నీల్లు తిరిగేదాకా ఆగుదాం అప్పా." అవే మాటలు. అదే గొంతు.

"చెయ్యి తియ్యి" అన్నాను. తీశాడు.

దండం ఒడ్డునే పెట్టుకున్నాను. తిన్నె దగ్గర దోనిని నిలిపాను. ఒకటి. రెండు. మూడు. తెరిపి. వేశాను. సగం దోని నీళ్ళతో గట్టు చేరాను.

ఆడపిల్ల. పేగు మెడకు రెండు చుట్లు. నీళ్ళు తిరిగేదాకా ఆగి ఉంటే... బతికింది. ఏడ్చింది. నూకాలూ ఏడ్చింది. వాళ్ళత్త నాకు కాఫీ కలిపి తెచ్చింది.

సంతోషించాలి. కోపం పెరిగింది.

నేనూ దాటలేక వెనక్కి వచ్చి ఉంటే వాణ్ణి క్షమించేదాన్ని. ఇప్పుడు నీళ్ళు చదవడం వచ్చింది. పోయిన ఏటి నీళ్ళు కళ్ళముందే ఉన్నాయి. ఇంతకంటే నెమ్మది. దాటవచ్చు. నేను దాటినప్పుడు వాడు దాటడా?

నీళ్ళు తిరిగాక వచ్చాడు. పొద్దుటినుంచీ అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రాడు, వెళ్ళడు. ఎవరో మంచినీళ్ళు ఇస్తే ముట్టుకోలేదట.

"అన్నకి సూపించు అప్పా" అంటోంది నూకాలు.

బిడ్డ నా ఒళ్ళో ఉంది. నిద్రపోతోంది, లేచాక చూద్దాం అన్నాను.

కళ్ళు తెరిచింది.