నీ విస్తరి పక్కన బీడీకట్ట

నాయనా,

ఈరోజు పెద్దల అమావాస్య. ధర్మవరంలో మన ఇంట్లో నీ ఫోటో ముందర విస్తరి వేసి, నీకిష్టమైన ఓళిగలు పెట్టినా. పెనుకొండ నుంచి అత్త వచ్చింది. ప్రతి ఏడూ మాదిరే విస్తరి పక్కన బీడీకట్ట పెట్టింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినావు కదా, దొంగగా తాగింటావని నీ చెల్లెలి నమ్మకం. బతికినంతకాలం పట్టు నేసినోడివి. నిప్పురవ్వ పడితే చీర పాయె అని, బీడీ అంటించినోడిని మగ్గం దగ్గరికే రానిచ్చేవాడివి కాదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు.

ఈసారి నేను ఊరుకోలేదు.

"అత్తా, నాయన గడ్డలోంచి తీసిన ముక్కలోనూ, నా రక్తంలోనూ జన్యువులో ఒకే తేడా ఉండాదని డాక్టరు చెప్పినాడు. అది పుట్టుకతో వచ్చేది. అది ఉన్నోళ్లకు బీడీ ముట్టకపోయినా ఈ రోగం వచ్చే అవకాశం ఎక్కువంట. వచ్చి తీరాలని మాత్రం లేదు" అని చెప్పినా.

భయపడొద్దు నాయనా, నా స్కానింగ్ బాగుండాది. డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోతాను. నీ మాదిరి ముదిరేదాకా ఆగను.

అత్త బీడీకట్ట తీసుకపోయి బయట పారేసొచ్చి, కొంగుతో నీ ముఖం తుడిచింది.

"మా అన్నకు యాడ్నుంచి వచ్చిందే ఇది?"

"అవ్వ నుంచో, తాత నుంచో వచ్చింటుంది."

ఆమె చేయి ఫోటో మీదే ఆగిపోయింది.

"నన్ను కన్నదీ వాళ్లే కదమ్మే. సోమవారం నన్నూ ఆ డాక్టరు దగ్గరికి పిల్చకపో."