సంతకాలయ్యాక

పిస్కాటవే,
2003 జూన్ 22.

అన్నయ్యకు నమస్కారాలతో తమ్ముడు రాయునది. నేనిక్కడ కులాసా. వదినా, పాపా కులాసాగానే ఉన్నారని నమ్ముతాను. నీ విషయంలోనే నమ్మకం కుదరక ఈ ఉత్తరం.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. వంట వంతు నాదైన రోజున మాత్రం పప్పు మాడుతుంది. ఎవరితోనైనా గొడవ పెట్టుకున్నావా అని కూడా అడిగావు. వార్తలు చూస్తూ టీవీ మీద అరుస్తున్నానని రూమ్మేట్ గోపాల్ రిమోట్ దాచేస్తున్నాడు. అంతకు మించి లేదు.

ఇక అసలు సంగతి. ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపాలా వద్దా అని ఢిల్లీలో ఆలోచిస్తున్నారనీ, అడిగితే అందరికంటే ముందు నీ పేరే ఇస్తాననీ రాశావు. "యుద్ధం అయిపోయింది కదరా, ఊరికే కాపలా" అన్నావు. పోయిన ఉత్తరంలో నిన్ను కిరాయి సిపాయి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం అలాగే ఉంది.

ముత్తాత బస్రా యుద్ధంలో పోయాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. కాదన్నయ్యా. ఆయన పోయింది 1920లో అని నాయనమ్మ అంటూనే ఉండేది, మనమే ఆలోచించలేదు. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం ఆగి రెండేళ్ళు కావస్తోంది, పారిస్‌లో శాంతి సంతకాలై ఏడాది. గెలిచినవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని పరాయి నేలలు పంచుకున్నారు. ఇరాక్ ఇంగ్లండ్ వాటాకి వచ్చింది. అక్కడి జనం తిరగబడ్డారు. వాళ్ళను అణచడానికి నిలబెట్టింది మనవాళ్ళనే. మన సిపాయిలకీ ఊరికే కాపలా అనే చెప్పి ఉంటారు. ఆ ఒప్పందం మీద మన దేశం పేరున కూడా సంతకం ఉంది, మనల్నెవరూ అడక్కుండానే. ఇదంతా నా కరపత్రాల పైత్యం అంటావు. ముత్తాత చావు కరపత్రం కాదు.

మా కాలేజీలో ఉత్తుత్తి శాంతిసభ ఏమైందని అడిగావు కదా. ఆ పారిస్ సభనే విద్యార్థులచేత ఆడించారు. నాకు ఇండియా కుర్చీ వచ్చింది. ఛస్తే సంతకం పెట్టనని వారం రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను. ఇంగ్లండ్ కుర్చీలో సంహిత, ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. చివరి రోజున చైనా కుర్చీలో కుర్రాడు సంతకం పెట్టకుండా వెళ్ళిపోయాడు, అప్పట్లో చైనా చేసినట్టే. తర్వాతి వంతు నాది. నేనూ లేచాను. కాలేజీ పత్రిక ఫోటోగ్రాఫర్ కెమెరా నావైపు తిప్పాడు.

"సైన్ చేసెయ్ జగన్," అంది సంహిత. "జస్ట్ గేమ్ కదా. అందరికి హంగ్రీగా ఉంది."

ఇప్పటిదాకా రాయకుండా దాటేస్తూ వచ్చింది ఇదే. తిరగబడ్డ విదేశీ విద్యార్థిగా ఆ ఫోటో ఎవరి కంట పడుతుందో, నా వీసాకి ఏం ముంచుకొస్తుందో అని భయపడ్డాను. కూర్చున్నాను. సంతకం పెట్టేశాను. అందరూ చప్పట్లు కొట్టి పిజ్జాల దగ్గరికి పోయారు.

ఆటలో సంతకాన్నే కాదనలేనివాణ్ణి, ఆర్డర్‌ని కాదనమని నీకు చెప్పే మొహం నాకు లేదు. ఆర్డర్ వస్తే వెళ్ళు. రాకముందే చెయ్యెత్తకు. ఇది ఉపన్యాసం కాదన్నయ్యా, బతిమాలుకుంటున్నాను. ముత్తాతని ఇలా బతిమాలడానికి తమ్ముడున్నాడో లేడో. నీకున్నాడు.

ఇట్లు,
పప్పు మాడ్చే నీ తమ్ముడు
జగన్మోహన్