గడీలో పెరగలేదు

తాతా, నువ్వు పోయాక వచ్చిన నీ చిన్ననాటి దోస్తు మొదటి జయంతి ఇది. సిరిసిల్లలో తెలంగాణ దీక్షా శిబిరం పక్కనున్న ఆ స్వాతంత్ర్య యోధుని, అదే నీ దోస్తు, విగ్రహానికి ఏటా నువ్వు వేసే నూలు దండ ఈసారి నేను తీసుకెళ్లాను.

ఉద్యమంలో ఏనాడూ కనబడని మన ఊరి దొర కొడుకు విగ్రహానికి పట్టు శాలువా కప్పి మైకు పట్టాడు.

"ఆయన మా గడీల పెరిగిండు!"

"అబద్ధం! మా తాతతోని నూలు కండెలు చుట్టుకుంట పెరిగిండు. మీ గడీల తిన్నయి కొరడా దెబ్బలే!" అని అరిచాను.

"ఎవలి పోరనివిరా నువ్వు?" అంటూ అతని మనుషులు నన్ను నెట్టేశారు. దండ తెగింది.

వాళ్లు కార్లెక్కి పోయాక, నువ్వు మగ్గం మీద అతికినట్టే తెగిన పోగులు అతికాను. దొర కొడుకు కప్పిన శాలువా లాగిపారేసి దండ వేశాను.

శాలువా మట్టిలో పడి ఉంది. ఎవడొచ్చి తీస్తాడో చూద్దామని విగ్రహం గద్దె మీదే కూర్చుని నీకిది రాస్తున్నాను.