స్నాప్‌షాట్ లేపిందెవరు?

బావమరిదికి,

కన్నం సంగతి ఇద్దరి పేర్లతోనే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీకి రాద్దామని ఇరవై రెండేళ్ల కిందట క్యాంటీన్ బల్ల దగ్గర మాటిచ్చావు. నిన్న నీ రిటైర్మెంటు వార్త చదివాను. కనిపెట్టిన ఘనుడివి నువ్వొక్కడివేనట. మళ్లీ చదివాను. రెండోసారీ నా పేరు లేదు.

మరిచావేమో, చెబుతాను. ఒక పెద్ద కంప్యూటర్లో పది ఉత్తుత్తి కంప్యూటర్లు, అద్దె వాటాల్లాగా. ఒక వాటాలోవాడు పక్క వాటాలోకి తొంగిచూడకూడదు. ప్రతి వాటాలోనూ ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ ఒకటి పడుండేది. దాని వెనక గోడకి కన్నముందని, అందులోంచి యజమాని గదిలోకే దూరొచ్చని కనిపెట్టింది నేను. నువ్వు టీ తెచ్చావు.

కన్నం నిజమో కాదో పరీక్షించడానికి ఒక ప్రోగ్రామ్ రాశాను, పరీక్షయ్యాక చెరిపేశాను. కానీ మధ్యలో, అది నడుస్తుండగా, యంత్రాన్ని ఉన్నదున్నట్టు స్నాప్‌షాట్ తీసిపెట్టాను. దాన్ని చెరపడం మరిచాను. ఆ తప్పు నాదే. నెల తర్వాత ఎవరో దాన్ని లేపి మళ్లీ నడిపారు. నా ప్రోగ్రామ్ ఆగినచోటినుంచే లేచి, గోడ దూరి, ఆఫీసులో అందరి మెయిళ్లూ తెరిచింది. లాగిన్ నాది. దొంగనని గెంటేశారు. మీ అక్క పోయేదాకా నన్ను నమ్మిందో లేదో నాకు తెలీదు. నన్ను తినేస్తున్నది అదే.

ఆ స్నాప్‌షాట్ సంగతి తెలిసింది మనిద్దరికే. లేపింది నువ్వేనా? అవునో కాదో రాయి. కవిత్వం వద్దు.

నీ బావ

బావమరిదికే మళ్లీ,

జవాబందింది. జతచేసిన లాగ్ కాగితం, ఎవరు ఎప్పుడేం చేశారో యంత్రం రాసుకున్న చిట్టా, భూతద్దం పెట్టి చూశాను. దొంగకాగితమేమోనని అంకెలన్నీ సరిపోల్చాను. లేపింది మేనేజరే. డిస్కు పాడైతే చేతికందిన స్నాప్‌షాట్ లేపాడు, అందులో ఏముందో తెలీక. నిన్ను తిట్టిన తిట్లు చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ఆ కాగితం అచ్చు తీసిన తేదీ నన్ను గెంటేసిన మర్నాటిది. అడక్కముందే నువ్వే రాశావు: "అప్పుడు చూపిస్తే పరీక్షలో నేనూ ఉన్నానని తేలేది బావా, నా ఉద్యోగమూ పోయేది. అక్కకొక్కదానికే చూపించాను. నీకు చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నాను."

నువ్వు పిరికివాడివి. పుట్టుకతో వచ్చింది, నిన్నని ఏం లాభం. కానీ ఆవిడకి తెలుసు. పదకొండేళ్లు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టింది. "నువ్వైనా నమ్ముతావా" అని నేనడిగిన ప్రతిసారీ "ఇప్పుడా సంగతెందుకు, తినండి" అంది. నేను తలవంచుకుని తిన్నాను.

నువ్వు ఇక నిశ్చింతగా ఉండు. నేను క్షమించలేనిది మీ అక్కని.

బావ