ముప్పై అయిదు లెన్సు మసక

ఆదివారం.

రీలు కడిగించి తెచ్చాను. వెడల్పుగా చూపే ఇరవై ఎనిమిది లెన్సుతో తీసిన బెల్లం దిమ్మలు బాగున్నాయి. ముప్పై అయిదుతో తీసినవన్నీ మసక. బెల్లం మార్కెట్లో బావ ముందు ఆ లెన్సును తిట్టాను.

ఈ కెమెరాలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది, రింగు తిప్పి ఒకటి చెయ్యాలి. నలభై ఏళ్ళు స్టూడియో నడిపినవాడిని. ఎదురుగా ఉన్న దిమ్మను ఒకటి చేసి కెమెరా బావకిచ్చాను.

"దిమ్మలు రెండున్నాయి గదేటి బావా! తూకమేసే కాటావోడు సూత్తే సంబరపడతాడు" అని నవ్వి, తనే రింగు తిప్పాడు. "ఇప్పుడు సూడు."

నాకు ఇందాకటిలాగే ఉంది. 

రింగు కాస్త తప్పినా వెడల్పు లెన్సులో తెలియదు; నా తప్పును అది కప్పేసింది, ఈ ముప్పై అయిదు కప్పలేదు. అయినా లెన్సే చెత్తదన్నాను.

ఇంటికొచ్చి ఎడమ కన్ను మూసి, కెమెరాకు ఆనించే కుడి కంటితో క్యాలెండర్ చూశాను. తారీఖు కనపడలేదు. ఇంకోసారి మూయాలంటే భయంగా ఉంది.