వెనకాల వస్తున్న ఇద్దరు

శ్రీమతి నర్సమ్మగారికి మీ ఆయన రాయునది.

నేనిక్కడ క్షేమం. నువ్వూ, నీ ఆసుపత్రీ, నీ వార్డులోని రోగులూ అందరూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. దుకాణంలో కళ్లద్దాలు అరగదీస్తూ ఒకసారి, ఇంటికొచ్చాక రెండుసార్లు చదువుకున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు. కాకపోతే తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మా యజమానికి కోపం ఎప్పటిలాగే ముక్కుమీదే ఉంది. పోయిన వారం ఒక పెద్దావిడ కళ్లజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, “నాయనా, మీ మెట్లు ఊగుతున్నాయేంటి?” అంది. ఇక రోజంతా యజమాని నామీద కారాలు మిరియాలు నూరాడు. మంచం మీద నీ వైపు ఉతికిన బట్టలు పెడుతున్నాను, ఖాళీగా కనిపించకుండా.

ఇక అసలు సంగతి. ఆదివారం జంట శిఖరాలు ఎక్కి వచ్చాను.

మొదటి బస్సులో వెళ్లాను. ఎండాకాలం కదా, ఎనిమిదింటికే రాళ్లు వేడెక్కాయి. కాసేపు చెట్ల నీడ, ఆ తర్వాత మోకాలెత్తు ఎండుగడ్డి, చివర్లో చేతులతో పట్టుకుని పాకాల్సిన బండలు. మొదటి శిఖరం చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రోజంతా జానెడు దూరంలో ఉన్న అద్దాన్ని చూసే కళ్లు నావి. అంత దూరం చూసి ఎన్నాళ్లయిందో! ఒకదాని వెనక ఒకటి, నీలంగా ఏడు వరసల కొండలు. “చూశావా!” అంటూ పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

అక్కడికి ఒక టీచరమ్మ భర్తనీ, ఇద్దరు కూతుళ్లనీ వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లకు ఫొటో తీసిపెట్టాను.

“మీరొక్కరే వచ్చారా?” అని అడిగింది.

“లేదండీ. మావాళ్లిద్దరు వెనకాల వస్తున్నారు” అన్నాను.

“అయితే కూర్చోండి, వాళ్లొచ్చేదాకా మాతో.”

“వాళ్లకి ఆలస్యమవుతుందండీ. ఒకాయనకి మోకాలు నొప్పి” అనేసి, ఎవరో తరుముతున్నట్టు రెండో శిఖరం వైపు నడిచాను.

అక్కడ పురుగు కూడా లేదు. తెచ్చుకున్న రొట్టె తిన్నాను. ఇంతలో ఎక్కడినుంచి వచ్చాయో మబ్బులు, ఉన్నట్టుండి పిడుగులతో కుండపోత. ఒక బండ చాటున గంటసేపు ముడుచుకు కూర్చున్నాను. వాన కాస్త తెరిపిచ్చాక జారుతూ, పడుతూ కింద అటవీశాఖ గేటు దగ్గరికి చేరేసరికి అయిదైంది.

టీచరమ్మ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

“హమ్మయ్య, వచ్చారా! మీవాళ్లేరి? దిగేటప్పుడు దారిలో ఎక్కడా కనపడలేదు మాకు!”

వెనకాలే గార్డు. “మోకాలు నొప్పి మనిషి ఈ వానలో పైనున్నాడంటే ఊరుకుంటామా? తాళ్లిచ్చి మావాళ్లని ఇద్దర్ని పంపాను. మీరు ఎక్కడ విడిపోయారో చెప్పండి, తొందరగా!”

వేరే దారిలో దిగిపోయుంటారు అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే పైన మళ్లీ ఉరిమింది.

“ఎవరూ లేరండీ. నేనొక్కణ్ణే వచ్చాను.”

“మరి ఆ మోకాలు నొప్పి ఆయన?” అంది టీచరమ్మ.

“ఆయన కూడా లేడండీ.”

గార్డు నన్ను ఎగాదిగా చూశాడు. “మనిషివేనా నువ్వు? పిల్లలుగల ఇద్దర్ని పిడుగుల్లోకి పంపాను!” అని, పరుగున వెళ్లి ఈల ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. వాళ్లు దిగడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నేను కొండవైపే చూస్తూ నిలబడ్డాను. వాళ్లలో ఒక్కరికి ఏమైనా అయితే ఈ మొహం పెట్టుకుని నీకు ఉత్తరమైనా రాయగలనా అనుకున్నాను.

వచ్చారు, నడుముదాకా బురదతో. గార్డు సంగతి చెప్పాడు. వాళ్లలో పెద్దాయన మొహం తుడుచుకుని, “ఎవరూ లేరా? బతికించావయ్యా! ఏ లోయలో పడ్డారో అని హడలి చచ్చాం” అంటూ నా భుజం తట్టాడు.

తిట్టినా తట్టుకునేవాణ్ణి. ఆ మాటకి మాత్రం అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. టీచరమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి చేతిలో పెట్టింది.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదు. “కెమెరా ఆయన మోకాలు నెమ్మదించిందా?” అన్నావు. ఆయనకు మోకాలు లేదు. అసలు ఆయనే లేడు. నా ఉత్తరాల్లో మనల్ని నవ్వించే ఆ పొడుగాయనా లేడు. నువ్వు వెళ్లిన మూడో నెలలో, ఆదివారాలు ఒక్కడివీ ఏం చేస్తున్నావని దిగులుగా రాశావు చూడు, అప్పుడు పుట్టించాను ఇద్దర్నీ. నువ్వు సంతోషించావు. ఇక వాళ్లను వదిలించుకోవడం నా వల్ల కాలేదు. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నేను చేసే పని ఒకటే. కిటికీ దగ్గర కూర్చుని, ఈ వారం వాళ్లిద్దరూ ఏం చేశారని నీకు రాయాలా అని ఆలోచించడం. వాళ్లతో కొండలెక్కానని రాసింది ఒక్కసారైనా నిజం చేద్దామని ఆదివారం కొండకు వెళ్లాను. అక్కడికీ వాళ్లనే వెంటేసుకెళ్లాను.

“నీకు తోడు దొరికింది కదా, ఇక్కడ ఇంకో రెండేళ్లు పనిచేయడానికి సంతకం పెట్టెయ్యనా?” అని అడిగావు. అక్కడి పని నీకు ప్రాణమని తెలుసు. ఉండాలనిపిస్తే ఉండు, నేనేమీ అనుకోను, ఎలాగో నెట్టుకొస్తాను. నాకు తోడున్నారని మాత్రం ఉండకు.

నన్నడిగితే, వచ్చెయ్యి.

ఇట్లు,
మీ ఆయన